నాయిన గదికి ఏ బ్రౌన్?

ఒకేలా ఉండే రెండు బ్రౌన్ రంగులను కనిపెట్టిన మహానుభావుడికి నేను రోజూ దండం పెట్టుకుంటాను. నవ్వకండి! ఈ రోజుల్లో సంసారాలు నిలబడుతున్నది ఆయన చలవ వల్లే.

నమ్మరా? వికారాబాద్‌లో మా ఇంటికొచ్చి చూడండి. నలభై ఏళ్ళు గొర్రెలు కాసిన మా నాయిన బీరన్న ఎట్టకేలకు మంద అమ్మేసి, దౌల్తాబాద్ నుంచి వచ్చి మాతోనే ఉంటానన్నాడు. ఆయన కోసం స్టోర్ రూమ్ ఖాళీ చేశాం. ఇక రంగు! షేడ్ కార్డు జల్లెడ పడితే చివరికి రెండు మిగిలాయి: ‘కోకో కంఫర్ట్’, ‘మోకా మెమరీ’.

అంతే! పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేనూ నాగరాణీ ఇంతగా మాట్లాడుకున్నది లేదు. పొద్దున కోకో, సాయంత్రం మోకా. మూడేళ్ళుగా మాటల్లేని తాండూరు బావమరిది కూడా, చుట్టాల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన రెండు రంగుల ఫోటో చూసి ఫోన్ చేశాడు.

"బావా, ఎడమ దిక్కుది జర ముదురు గొడ్తుంది" అన్నాడు.

తర్వాత చూసుకుంటే ఆ ఫోటోలో రెండూ కోకోలే! అయితేనేం, బంధుత్వం కలిసింది కదా?

పెయింటర్ మొగులప్ప గోడ మీద రెండు పట్టీలు వేసి, నెల రోజులుగా మా తీర్పు కోసం టీ తాగుతూ కూర్చున్నాడు. ట్యూబ్‌లైట్ కింద చూశాం, సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూశాం. నేనైతే కళ్ళద్దాల నంబర్ మార్పించుకుని మరీ చూశాను.

మొన్న ఆదివారం నాయిన మూటతో దిగాడు. ఆయన్నే అడిగాం. వేల గొర్రెల్లో తనవాటిని దూరం నుంచే పట్టే కళ్ళు మరి! షేడ్ కార్డు తీసుకుని వాకిట్లోకి నడిచి, ఎండలో పెట్టి చూశాడు.

"గిది వాన వడ్డ మన్ను, గదేమో ఎండిన మన్ను. మస్తు ఫరకుంది బిడ్డా" అన్నాడు నాగరాణితో. "గని ఆ అర్రల ఏం కనవడ్తది? కిటికి లేకపాయె. గొర్లను గూడ నేను గసొంటి జాగల తోలలే."

నాగరాణి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. సిగ్గేసింది, దాచడమెందుకు? మా ఇంట్లో కిటికీలున్న గది లేక కాదు. రెండు కిటికీలతో, చల్లటి గాలితో భేషుగ్గా ఉంది. రెండేళ్ళుగా అందులో మా ట్రెడ్‌మిల్ నివాసముంటోంది. దాని మీద మేం తడిబట్టలు ఆరేస్తాం.

ఆ సాయంత్రమే నాయిన ఆ గదిలోకి మారాడు, ట్రెడ్‌మిల్ స్టోర్ రూమ్‌కి చేరింది. ఏ బ్రౌన్ వేస్తారని అదేమీ అడగలేదు. నిజం చెప్పొద్దూ, మా నాయినా అడగలేదు!