రెండింటికి రావలసిన తాత

ఆ ఉదయం రిస్తెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం రెండింటికి సరస్సు అవతలి ఒడ్డు నుంచి మామగారు పడవలో వస్తారు. ఆయన వచ్చేలోగా, ఏడాదిగా ఈ గడప ఒక్క జంతువు కూడా తొక్కలేదన్నట్టు ఇల్లు సర్దెయ్యాలి. ఇల్లు చూస్తే మాత్రం ఆ మాట ఎవరూ నమ్మేలా లేరు.

ఇల్లు కట్టిన స్థలం మామగారు ఓవ్లాది. "అది జంతువులు నడిచే దారి. అక్కడ కట్టేది ఇల్లవదు, సత్రం అవుతుంది," అని ఆయన మొదటే చెప్పాడు. "ఎలుక కూడా రాదు మామయ్యా, చూస్తూ ఉండండి," అంది రిస్తెన్. ఆయన గడ్డం గోక్కుని షరతు పెట్టాడు. ఏడాది తిరిగాక, సరస్సు మీద మంచు కరగగానే తనే వచ్చి చూస్తాడు. ఇల్లులా ఉంటే స్థలం కోడలి పేర రాస్తాడు. సత్రంలా ఉంటే ఇల్లు దుంగలు దుంగలుగా విప్పి, తెచ్చి తన ఇంటి పక్కన కట్టుకోవాలి.

ఆయన ఇంటి పక్కన అంటేనే రిస్తెన్‌కి హడల్. పెళ్ళయిన కొత్తలో ఆయనతో ఒకే కప్పు కింద మూడు చలికాలాలు గడిపింది. వేసవిలో మామగారు మంచివాడే, వలలూ పడవలూ అంటూ బయట తిరుగుతాడు. సరస్సు గడ్డకట్టిందంటే మాత్రం ఆరునెలలు వంటింట్లో పొయ్యి పక్కనే మకాం. రొట్టె ఎంత మందాన కొయ్యాలో, కట్టె ఏ కొస నుంచి పొయ్యిలో పెట్టాలో తెల్లారగట్ల ఐదింటి నుంచి చెబుతూనే ఉంటాడు. కునుకు కూడా తియ్యడు.

ఇక ఈ ఏడాది వచ్చిన చుట్టాలు. ఆకులు రాలే రోజుల్లో గుర్రమంత దుప్పి ఒకటి కిటికీ అద్దంలో తన మొహం చూసుకుని, ఎవడో పోటీకి వచ్చాడనుకుని అద్దం పగలగొట్టింది. మంచు పడగానే రెయిన్‌డీర్లు మందగా వచ్చి ఆరేసిన దుప్పట్లు నమిలాయి. నక్క చెప్పులెత్తుకుపోయింది, అవి కూడా ఎడమకాలివే, తొమ్మిది! వాటిలో ఏడు పొదల్లో దొరికితే మూటగట్టి ఉంచారు. మంచు కరిగే రోజుల్లో మదమెక్కిన అడవికోడి వాకిలి ఆక్రమించుకుంటే, కూతురు మారెత్ వారం రోజులు గొడుగు అడ్డం పెట్టుకుని బడికి వెళ్ళింది. "ఇది కొంపా, జూ పార్కా?" అని రిస్తెన్ నెత్తి బాదుకున్నప్పుడల్లా మొగుడు నీలాస్ నవ్వేవాడు. ఇవాళ కూడా నవ్వుతూనే, పొద్దున్నే పై సరస్సుకు వలలు తీయడానికి చెక్కేశాడు.

మారెత్ బడికి పోగా ఇంట్లో మిగిలింది రిస్తెన్ పిన్ని బిరెత్. ఇద్దరూ కలిసి పగిలిన అద్దానికి పరదా కట్టారు, గీతలు పడ్డ గుమ్మం మీద రగ్గు వేలాడదీశారు, చెప్పుల మూట వరండా మెట్ల కింద తోశారు. చేప పెట్టి కాల్చిన పెద్ద రొట్టె చల్లారడానికి వరండా బల్ల మీద ఉంచారు. అప్పుడు చూసుకుంటే కాఫీ డబ్బా ఖాళీ. ఆ మంచుదేశంలో మామగారికి కాఫీ ఇవ్వకపోవడం కంటే చెంపదెబ్బ కొట్టడం నయం. రిస్తెన్ కారు తీసి, ఇరవై కిలోమీటర్ల అవతల దుకాణానికి పరుగు తీసింది.

ఇక్కడ పిన్ని గురించి ఒక మాట. అడవిలో తేనె తిని, చలికాలమంతా నిద్రపోయే ఆ పెద్దాయన, అదే ఎలుగుబంటి, ఉంది కదా. ఒక్కసారి అన్నాను, మళ్ళీ నాచేత అనిపించకండి. చీకటి పడ్డాక మన పెద్దవాళ్ళు పామును పురుగన్నట్టే, ఆ వైపు పాతకాలంవాళ్ళు దాని పేరు పలకరు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని, అమర్యాదగా మాట్లాడితే వింటుందని వాళ్ళ భయం. పిన్ని దాన్ని "తాత" అంటుంది. మారెత్ పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో ఓవ్లాను పిలిచేదీ తాత అనే.

రిస్తెన్ కాఫీ పొట్లం చేతిలోకి తీసుకుంటూండగా ఫోను మోగింది.

"అమ్మాయ్! తాతొచ్చారే!"

"అప్పుడేనా? రెండింటికి కదా!"

"ఆయనకి టైమేమిటే, ఆయనిష్టం! వరండా ఎక్కి రొట్టె మొత్తం తినేశారు."

పన్నెండేళ్ళుగా పిన్నికీ మామగారికీ పడదు. ఎప్పుడూ "ఆ ముసలాడు" అనే పిన్ని నోట "ఆయన" అన్న మాట విని రిస్తెన్‌కి ముచ్చటేసింది. "పోన్లే, తిననీ. ఎలా ఉన్నారు?"

"చిక్కి సగమయ్యారు. బొచ్చంతా ఊడిపోతోంది. ఆరునెలలుగా తిండి లేదు కదా, పాపం."

ఆయన దగ్గరుండే ఆడపడుచు సరిగ్గా తిండి పెడుతున్నట్టు లేదనుకుని రిస్తెన్ నొచ్చుకుంది. "అయితే ఎండుమాంసం కూడా పెట్టు. మర్యాదగా లోపలికి పిలువు."

"లోపలికా! నీకేమన్నా మతి పోయిందా? నేను మేడమీద గడియ వేసుకుని కూర్చున్నాను!"

"పిన్నీ, నీ పాత గొడవలు ఇవాళ వద్దు. పోనీ స్నానాల ఆవిరిగదిలో పొయ్యి వెలిగించు. ఒళ్ళు వెచ్చబడితే ఆయన మనసూ కుదుటపడుతుంది."

"పొగకి పోతారంటావా? నీ తెలివే తెలివే తల్లీ!" అని పిన్ని ఫోను పెట్టేసింది. పోవడమేమిటో రిస్తెన్‌కి అర్థం కాలేదు కానీ, ఆలోచించే తీరిక లేదు.

పది నిమిషాల్లో మళ్ళీ ఫోను. పిన్ని దొడ్డిదారిన వెళ్ళి పొయ్యి వెలిగించి, ప్రాణాలు అరచేత పట్టుకుని మేడెక్కిందట. "తాత మెట్లు పీకేశారే! చెత్తడబ్బా బోర్లించి, ఒక్కొక్కటే తీసి వాసన చూస్తున్నారు."

"సాక్ష్యాలు వెతుకుతున్నారు పిన్నీ! చెప్పుల మూట దొరికిందా?"

"దాని మీదే కూర్చున్నారు."

"అయిపోయింది. నా కొంప మునిగింది. కదలనివ్వకు, వస్తున్నాను," అంటూ రిస్తెన్ కాఫీ పొట్లం గల్లా బల్ల మీదే మరిచి కారెక్కింది.

అమ్మాయికి నిజంగానే మతి తప్పిందని పిన్ని నిర్ధారణకు వచ్చింది. ఊళ్ళోకి మృగాలొస్తే తరిమే జట్టుకు నాయకుడు యౌని అనే అతను. అతనికి ఫోను చేసి "తాతొచ్చారు" అంది. యౌనిది ఆ ఊరే, ఇంకేమీ అడగలేదు. ఇద్దరు మనుషుల్నీ, రెండు కుక్కల్నీ, మూడు తుపాకుల్నీ వేసుకుని బయల్దేరాడు.

ఈలోగా పొగ వాసనకు మొదటి తాత తుమ్మి, అడవిదారి పట్టాడు. పిన్ని కిటికీకి ఆ దారీ కనబడదు, పడవల రేవూ కనబడదు. సరిగ్గా అప్పుడే రెండో తాత, అంటే అసలు ఓవ్లా, పడవ కట్టి ఒడ్డెక్కాడు. ఎవరూ ఎదురు రాలేదు. ఒడ్డునే ఉన్న ఆవిరిగది మాత్రం వెచ్చగా పొగలు కక్కుతోంది. మర్యాద తెలిసిన కోడలే అనుకుని, బట్టలు విప్పి లోపలికి వెళ్ళాడు. బకెట్టు చప్పుడూ, హమ్మయ్య అన్న మూలుగూ మేడమీదికి వినిపించాయి. "తాత ఆవిరిగదిలో దూరారు నాయనా!" అని పిన్ని కిటికీలోంచి, అప్పుడే వచ్చి దిగిన యౌనికి కేక పెట్టింది.

రిస్తెన్ వచ్చి చూసేసరికి ఆవిరిగదికి ముగ్గురు మగవాళ్ళు తుపాకులు గురిపెట్టి ఉన్నారు.

"యౌనీ! ఏమిటిది?"

"ఉష్, అక్కా. తాత లోపలున్నాడు."

"తెలుసు. పొయ్యి వెలిగించమన్నది నేనే!"

యౌని ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వే... స్నానానికి పిలిచావా?"

"ఏం, పిలవకూడదా? ఎనభై ఏళ్ళ మనిషి! ఆయన మీద తుపాకులెత్తడానికి చేతులెలా వచ్చాయిరా మీకు?"

"మనిషా?" అన్నాడు యౌని.

తలుపు తెరుచుకుంది. ఆవిరి మధ్యలోంచి ఎర్రగా ఉడికిన ఓవ్లా, మానం కాపాడుకోవడానికి స్నానంలో ఒళ్ళు తట్టుకునే కొమ్మల కట్ట ఒక్కటీ అడ్డం పెట్టుకుని, బయటికొచ్చాడు. కుక్కలు తోకలాడించాయి. పిన్ని మేడమీంచి చూసి, "అయ్యో, ఈ ముసలాడా!" అంది. అప్పుడు రిస్తెన్‌కి అంతా తెలిసొచ్చింది.

ఓవ్లా తువ్వాలు చుట్టుకుని ఇంటిచుట్టూ తిరిగాడు. పీకిన మెట్లు, ఖాళీ రొట్టె పళ్ళెం, బురదలో పళ్ళెమంత అడుగులు, చిరిగిన మూట, దాంట్లో ఏడు ఎడమ చెప్పులు చూశాడు. ఒకటి తీసి తిప్పి చూశాడు. ఇక రిస్తెన్ ఆగలేకపోయింది.

"అవును మామయ్యా, వచ్చాయి! దుప్పి వచ్చింది, రెయిన్‌డీర్లొచ్చాయి, నక్కొచ్చింది, కోడి కూడా వచ్చి నా కూతుర్ని పొడిచింది! ఒక్క రోజు ప్రశాంతంగా కాఫీ తాగలేదు. అయినా ఇది నా ఇల్లు. నాకిష్టం. విప్పిస్తారా, విప్పించండి. ముందు నన్ను విప్పించండి!" ఆఖరి మాట ఎందుకందో ఆమెకే తెలియలేదు. పీకిన మెట్ల మీద కూలబడి భోరుమంది.

ఓవ్లా ఆమె పక్కనే కూర్చున్నాడు. "మా ఒడ్డున ఏడాదికి ఒక కాకైనా వాలదే అమ్మాయ్," అన్నాడు. "మీరు వెళ్ళాక మనుషులూ రావట్లేదు. ఇల్లు ఇలా ఉండాలి. కాగితం తెచ్చాను, స్థలం నీదే."

రిస్తెన్ సంతోషంతో ఆయన చేతులు పట్టుకుంది. "మామయ్యా, మీకేం కావాలన్నా అడగండి! నా మాట!"

"ఏముంది, సత్రం అన్నాక ఒక గది ఖాళీ ఉంటుందిగా," అన్నాడు ఓవ్లా. "సామాను పడవలోనే ఉంది. మంచం వంటింట్లో, పొయ్యి పక్కన వేస్తే చాలు. ముందు కాస్త కాఫీ పెట్టు."

సాయంత్రం నీలాస్ చేపలబుట్టతో వచ్చాడు. విరిగిన మెట్లు చూసి, నవ్వాపుకుంటూ, "తాత వచ్చి వెళ్ళాడా?" అని అడిగాడు.

"ఒక తాత వెళ్ళాడు," అంది రిస్తెన్. లోపల్నుంచి, రొట్టె కోసేటప్పుడు కత్తి ఎలా పట్టుకోవాలో పిన్నికి చెబుతున్న గొంతు వినిపిస్తోంది. ఆమె అడవి వైపు చూసి నిట్టూర్చింది.

"ఆ తాతే నయం. చలికాలమంతా పడుకుంటాడు."