పసుపు స్టిక్కరున్న సామాను

ఆ రోజు పొద్దున్న కోడలు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. అత్తగారికి కాఫీ ఇవ్వాలి. ఖాళీ రంగు డబ్బాల మీద పాత దుప్పట్లతో కుట్టిన మెత్తలు బిగించి పిల్లలకి పీటలుగా చెయ్యాలి. సోఫా మూలలకీ బల్ల మూలలకీ స్పాంజి ముక్కలు అంటించాలి. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి చిరునవ్వుతో గుమ్మంలో నిలబడాలి. ఆవిడ సరేనంటే సోమవారం నుంచి ఆ ముందుగది పిల్లల డేకేర్ అయిపోతుంది.

కాదంటే ఏమవుతుందో తలుచుకునే ధైర్యం కోడలికి లేదు. బట్టల కొట్టులో బిల్లులు కొట్టే ఉద్యోగం మానేసి మరీ ఈ పనికి దిగింది. చేతిలో ఉన్న కాస్తా గోడల రంగుకీ, మెట్ల దగ్గర చిన్న గేటుకీ సరిపోయింది. వీధిలో నలుగురు తల్లులు పిల్లల్ని ఇక్కడే వదులుతామన్నారు గానీ, అనుమతి రాకపోతే వేరే చోట చేర్పిస్తామని కూడా మొహమాటం లేకుండా చెప్పేశారు. ఈ తనిఖీ తప్పితే మళ్ళీ ఆర్నెల్ల దాకా ఎవరూ తొంగి చూడరు. అన్నిటికీ మించి, పిల్లలు లేని ఆ ఇంట్లో పిల్లల సందడి వినాలని ఆవిడకి ఎంత ఆశగా ఉందో ఆవిడకే తెలుసు.

ఆవిడ భర్త ఇళ్ళ సామాను తరలించే కంపెనీలో సూపర్‌వైజరు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు వద్దని వదిలేసిన చిన్న కుర్చీలూ, నీలం రంగు మెత్తటి పరుపూ, పొట్టి అలమరా ఒకటీ ఆయన ఎన్నాళ్ళనుంచో కూడబెడుతున్నాడు. వాటిని ఆ పొద్దున్నే కంపెనీ మనుషులు వ్యానులో తెచ్చి పడేసి వెళ్ళేటట్టు ఏర్పాటు చేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. భార్యకి ఇంకాస్త సాయపడాలని ఆయనకి బుద్ధి పుట్టింది.

"నువ్వు హైరానా పడకు. పిల్లలకి తగిలే వస్తువులన్నిటికీ గుర్తు పెట్టేశా. ఒక్కొక్కటే చూసుకుని తాపీగా స్పాంజి అంటించుకో," అని చెప్పి ఆయన వేరే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

గుర్తు పెట్టడానికి కంపెనీ వాళ్ళ పసుపు స్టిక్కర్ల చుట్ట వాడాడు. ఊరికే వచ్చేది ఉండగా కొనడం ఎందుకని. సోఫాకి, భోజనాల బల్లకి, దాని కుర్చీలకి, టీవీ బల్లకి, అద్దాల బీరువాకి, ఆఖరికి తల్లి కూర్చునే ఊగుడు కుర్చీకి కూడా వేళ్ళు నలుగుతాయని ఒకటి అతికించాడు. ఆ కంపెనీలో పసుపు స్టిక్కరంటే గోడౌన్‌కి పంపాల్సిన సామాను అని అర్థం. ఆ పద్ధతి పెట్టిందీ ఆయనే, ఇంట్లో మర్చిపోయిందీ ఆయనే.

రెండో డబ్బాకి మెత్త బిగిస్తుండగా, తనిఖీలో అడిగే మందుల పెట్టె లేదన్న సంగతి కోడలికి గుర్తొచ్చింది. చెప్పులు వేసుకుంటూనే అత్తగారిని పిలిచింది.

"అత్తయ్యా, మందుల షాపు దాకా వెళ్ళొస్తా. ఆయన పంపిన మనుషులు వస్తారు, తలుపు తియ్యండి చాలు."

"వచ్చి ఏం చేస్తారమ్మాయ్?" అన్నారు అత్తగారు కుర్చీలో ఊగుతూ.

"వాళ్ళ పని వాళ్ళకి తెలుసులెండి!"

ఆ మాట అన్నందుకు కోడలు తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకుంది. దూదీ, కట్టు గుడ్డా, జ్వరం చూసే పుల్లా తీసుకుని పరుగులాంటి నడకతో వీధి మలుపు తిరిగేసరికి, ఇంటి ముందున్న వ్యానులో తన భోజనాల బల్ల నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి పడుకుని ఉంది.

"ఆగండి! ఆగండి! అది మాది!" అని అరిచింది.

మనుషుల చేత సామాను ఎక్కిస్తున్న మేస్త్రి నిదానంగా వెనక్కి తిరిగాడు. "మీదేనమ్మా. మీ ఇంట్లోంచే కదా ఎక్కించాం."

"ఎందుకు ఎక్కించారు? కుర్చీలు దింపి వెళ్ళమని కదా ఆయన చెప్పింది?"

"దింపేశామమ్మా, లోపల పెట్టేశాం కూడా. స్టిక్కర్లున్నవి ఎక్కిస్తున్నాం. రోజూ చేసే పనే కదా."

"ఆ స్టిక్కర్లు దానికోసం కాదయ్యా బాబూ! స్పాంజి అంటించడానికి!"

మేస్త్రి జాలిగా తలూపాడు. "సార్ మాకు నేర్పిన మొదటి పాఠం ఇదేనమ్మా. ఇల్లు ఖాళీ చేసే రోజు ఇంటివాళ్ళ మనసు మనసులో ఉండదు. ఏడుస్తారు, వద్దంటారు, ఏవేవో చెబుతారు. మనిషిని చూడకండి, స్టిక్కరు చూడండి అని సార్ ఆర్డరు."

కోడలు భర్తకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఆ సమయంలో ఆయన ఎవరిదో ఫ్రిజ్‌కి ఒక కొస పట్టుకుని మెట్ల మలుపులో ఇరుక్కుని ఉన్నాడు. ఇక లాభం లేదని ఆవిడ లోపలికి పరిగెత్తి బీరువా స్టిక్కరు పీకేసింది. మేస్త్రి జేబులోంచి ఇంకో స్టిక్కరు తీసి అదే చోట అతికించాడు.

"ఈసారి జిగురు సరిగ్గా లేదు," అన్నాడు మనుషులతో.

కోడలు వెళ్ళి సోఫాలో బైఠాయించింది. "లేవను. ఏం చేస్తారో చెయ్యండి."

"దీనిక్కూడా పద్ధతుందిలే," అని మేస్త్రి కనుసైగ చేశాడు. ఒకతను గ్లాసుతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గరే వినయంగా నిలబడ్డాడు. అరిచి అరిచి కోడలి గొంతు ఎండిపోయి ఉంది. లేచి నాలుగడుగులు వేసి గ్లాసు అందుకుని, రెండు గుక్కలు తాగి వెనక్కి తిరిగేసరికి సోఫా లేదు.

అప్పుడు చూసింది, ఊగుడు కుర్చీ కూడా లేదు. "మా అత్తయ్యేరీ?"

"కుర్చీ దిగనన్నారమ్మా. కుర్చీకి స్టిక్కరుంది. మేమేం చేస్తాం?"

అత్తగారు అప్పటికే వ్యానులో డ్రైవరు పక్క సీట్లోకి మారి, కాఫీ గ్లాసుతో దర్జాగా కూర్చుని ఉన్నారు. "అమ్మాయ్, ఎంత మర్యాదస్తులే వీళ్ళు! కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. నన్ను ఇంత జాగ్రత్తగా ఎవరు చూశారు గనక? అలా తిరిగొస్తా," అన్నారు. వ్యాను కదిలింది. కోడలు దాని వెంట పరిగెత్తబోయి, ఎదురుగా వచ్చి ఆగిన కారు చూసి ఆగిపోయింది. కారులోంచి చేతిలో కొలత టేపుతో ఇన్‌స్పెక్టరమ్మ దిగింది.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వే మనిషి కాదు. లోపలికి వచ్చి గది నడుమ నిలబడింది. నేల మీద నీలం పరుపు, గోడవార పొట్టి అలమరా, దాని పక్కన చిన్న కుర్చీలు, రంగు డబ్బాల పీటలు. ఇంకేమీ లేదు. కోడలు స్పాంజి ముక్కల సంచిని కాలితో తలుపు వెనక్కి నెట్టి, తిట్లు తినడానికి సిద్ధపడింది.

"మీ సామానంతా ఏదండీ?"

"తీయించేశామండీ," అంది కోడలు నీరసంగా. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ టేపు చుట్టేసింది. "ఎక్కడికెళ్ళినా సోఫాల సందుల్లో పిల్లల్ని కుక్కేవాళ్ళే. అడిగితే మూలలకి స్పాంజి పెట్టామంటారు. స్పాంజి పిల్లలు కొరుక్కు తినడానికా? కూర్చునే సోఫా కూడా తీయించేసినవాళ్ళని ఇన్నేళ్ళలో మిమ్మల్నే చూశాను." ఆ గొంతులో గౌరవం ధ్వనించింది. కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అన్నీ బావున్నాయి. ఇంట్లో రెండో పెద్దమనిషి ఉండాలి కదా, ఎవరు?"

"మా అత్తగారండీ. ఇప్పుడే... అలా వ్యానులో... వచ్చేస్తారండీ."

"ఆవిడని చూడందే సంతకం పెట్టను. కాసేపు చూస్తాను."

అత్తగారు రావాలంటే వ్యాను రావాలి. వ్యాను వస్తే సోఫా వస్తుంది. ఒక పక్క రావాలని మొక్కుతూ, ఒక పక్క రాకూడదని మొక్కుతూ కిటికీకి అతుక్కుపోయింది.

ఈలోగా ఫ్రిజ్ వదిలించుకున్న సూపర్‌వైజరు ఫోన్ చూసుకున్నాడు. మేస్త్రికి ఫోన్ చేశాడు. సంగతి వినగానే వ్యాను వెనక్కి తిప్పమని అరిచి, బైకు మీద వ్యానుతో పాటే వచ్చి హెల్మెట్ తీయకుండానే ఇంటి ముందు దిగాడు.

"క్షమించు! తప్పంతా నాదే! ఒక్క చెంచా కూడా పోకుండా మన సామానంతా తెచ్చేశా!"

"ఏ సామానండీ?" అంది కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మన సామాను ఎప్పుడో తీయించేశాం కదా."

ఆయన తన సొంత బీరువా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. కోడలి వెనక నుంచి ఇన్‌స్పెక్టరమ్మ తొంగి చూసింది. "ఎవరిదండీ ఇదంతా?"

అత్తగారు వ్యాను దిగారు. కోడలి మొహం వైపు ఒకసారి, టేపు పట్టుకున్న మనిషి వైపు ఒకసారి చూశారు. ఆ అత్తాకోడళ్ళు మాటల్లేకుండా ఏకీభవించడం అదే మొదటిసారి.

"ఎవరిదో పాపం," అన్నారు అత్తగారు తన ఊగుడు కుర్చీని చూసి పెదవి విరుస్తూ. "ఇంత చెత్త మధ్య ఎలా బతుకుతున్నారో!"

"అదేంటి సార్, ఇది మీ..." అని మేస్త్రి మొదలెట్టాడు.

"మేస్త్రీ," అంది కోడలు మెత్తగా, "మనిషిని చూడకండి. పసుపు స్టిక్కరు ఎక్కడికెళ్ళాలి?"

"గోడౌన్‌కమ్మా."

"మరి ఇక్కడేం చేస్తున్నారు?"

మేస్త్రి సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు చేతితో పొమ్మని సైగ చేశాడు. తన సోఫా వీధి మలుపు తిరిగేదాకా ఆయన అలా చూస్తూనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే సంతకం పెట్టింది. కోడలి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఎప్పుడూ ఇలాగే ఉండాలి సుమా. చెప్పకుండా వస్తుంటాను. ఈ గదిలో ఒక్క పెద్ద కుర్చీ కనిపించినా అనుమతి రద్దే," అని హెచ్చరించి కారెక్కింది.

సోమవారం నలుగురు పిల్లలూ వచ్చారు. మధ్యాహ్నానికి ఒకమ్మాయి కోడలి భుజం మీదే నిద్రపోయింది. ఆ బరువు దించడానికి ఆవిడకి మనసు రాలేదు. అత్తగారు రంగు డబ్బా మీద కూర్చుని పిల్లలకి కథలు చెప్పడం అలవాటు చేసుకున్నారు. సూపర్‌వైజరు మాత్రం ఈమధ్య ఆదివారాలు కూడా గోడౌన్‌కి వెళుతున్నాడు. ఆయన సోఫా అక్కడే ఉంది.