కంప్యూటర్‌కు ఫోన్ వేషం

మనిషి తన ఇంట్లో ఉంటున్నాడని రుజువు కావడానికి అతను ఆ ఇంట్లో ఉంటే సరిపోదని మా కాలనీ గృహ మండలి ఎట్టకేలకు తేల్చింది. ఇకపై ఆ సంగతి ఫోన్ చెప్పాలి. నెలాఖరులోగా మండలి యాప్‌లో నివాసం నిర్ధారించుకోకపోతే ఆ ఇల్లు ఖాళీగా ఉన్నట్టు భావించి (లోపల మనుషులున్నా సరే) ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాకు స్మార్ట్‌ఫోన్ లేదు. లేకపోవడం కాదు, వద్దనుకున్నాను. ఫోన్ పట్టుకున్నవాడు బానిస అని పెళ్ళిళ్ళలో, పరామర్శల్లో, చివరికి లిఫ్టులో కూడా ఉపన్యాసాలిచ్చాను. శ్రోతలు ఫోన్లు చూసుకుంటూ శ్రద్ధగా విన్నారు.

"నా ఫోన్‌లో చేసేస్తానండీ, ఎంతసేపు!" అంది మా ఆవిడ.

"అక్కర్లేదు," అన్నాను. ఇల్లు పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, పరువు పోతే ఎలా?

అందుకని బల్ల మీది కంప్యూటర్‌లోకి ఫోన్లను నడిపించే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. (ఫోన్ ఉండకూడదన్నది నా నియమం. కంప్యూటరే ఫోన్ కాకూడదని నేనెప్పుడూ అనలేదు.) కొన్ని సాయంత్రాలు తంటాలు పడ్డాక తెర మధ్యలో సన్నగా, పొడుగ్గా ఫోన్ ప్రత్యక్షమైంది. బ్యాటరీ నిండుగా ఉందని కూడా చెప్పింది. బ్యాటరీయే లేని యంత్రానికి అంత ఆత్మవిశ్వాసం చూసి ముచ్చటేసింది.

యాప్ తెరిచాను. "దిక్కులు తెలియడం లేదు. మీ ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పండి" అంది.

నియమం నియమమే. మానిటర్ నేనెత్తుకున్నాను, సీపీయూ మా ఆవిడ ఎత్తుకుంది. వైర్లు ఊడకుండా మంచానికీ బీరువాకీ మధ్య తిరగడం మొదలుపెట్టాం.

"ఇప్పుడెటండీ?"

"కుడికి. నీ కుడికి కాదు, ఎనిమిదికి కుడి!"

"నా నడుము పోయేలా ఉంది. ఇది ఎనిమిదైనా సున్నా అయినా దింపేస్తున్నా."

దింపేసింది. నేనెక్కడున్నానని యాప్ అనుకుందో ఏమో, నివాసం నమోదైందని చెప్పింది.

మర్నాడు నివాస నిర్ధారణ ఉపాధికారి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తన ఫోన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు.

"సార్, మీరు సముద్రంలో ఉంటున్నారు."

"ఎదురుగానే ఉన్నాను కదండీ!"

"కనిపిస్తున్నారు సార్. కానీ కంటితో చూసింది నమోదు చెయ్యడానికి యాప్‌లో చోటు లేదు."

"పోనీ ఒడ్డుకి దగ్గరలోనేనా?" అన్నాను ఆశ చావక.

"చాలా లోపలికెళ్ళిపోయారు సార్." అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. "ఈ ఇల్లు ఖాళీ కిందే లెక్క. ఖాళీ ఇంట్లో మేం కూర్చోకూడదు, అందుకే నిలబడ్డాను."

అప్పుడు భయమేసింది. మా పాప నడక నేర్చుకున్న ఇల్లు ఇది. నా పరువు కోసం ఇంటిని సముద్రంలో కలిపేశాను. మా ఆవిడ వంక చూశాను. ఈసారి అక్కర్లేదనలేదు.

ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి, గాలిలో ఒక్కసారి తిప్పింది. అంతే. ఉపాధికారి హమ్మయ్య అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇల్లు మీ పేరున ఖాయమైంది మేడమ్. సార్‌కి ఇప్పటికే వేరేచోట నివాసం ఉంది కాబట్టి ఇక్కడ అతిథి కింద రాస్తున్నాను."

అప్పటినుంచి నెలనెలా మా ఆవిడ ఫోన్‌కి ఒక ప్రశ్న వస్తుంది: "ఈ అతిథిని కొనసాగించాలా, పంపించేయాలా?" నిన్న కూడా వచ్చింది. ఆవిడ 'తర్వాత గుర్తు చేయి' నొక్కింది.