రెండు సాక్షి సంతకాలు

ఆ శుక్రవారం దేవకమ్మ పెట్టుకున్న పనులు మూడే: ఇడ్లీకి పప్పు నానేయడం, బీపీ మాత్ర మింగడం, తన చావు కాగితం మీద రెండు సాక్షి సంతకాలు పెట్టించుకోవడం. మధ్యాహ్నానికి అన్నీ తెమిలిపోతాయనుకుంది పాపం.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలు. నాకు తెలివి తప్పితే ముక్కులో గొట్టం వేయొద్దు, మిషన్లు పెట్టొద్దు, ఇంట్లో పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయండి, చాలు. నిరుడు ఆమె భర్త గంగాధరం తిరుపతి ఆస్పత్రిలో ఇరవై రెండు రోజులు గొట్టాలతో పడి ఉన్నాడు. పీక్కుంటున్నాడని చేతులు మంచానికి కట్టేశారు. అన్నిటికీ సరేనని సంతకం పెట్టింది దేవకమ్మే. మాట పడిపోయిన ఆ మనిషి ఆమె వంక చూసిన చూపు ఇప్పటికీ ముద్ద దిగనివ్వదు. ఆ పాపం కొడుకు గిరి చేతికి అంటకూడదు, అదే ఆమె బాధ.

ముందు మరిది శాంతయ్య ఇంటికి వెళ్లింది. రిటైరైన గుమాస్తా. జేబులో సిరా పెన్ను లేనిదే పెరట్లోకి కూడా పోడు. కార్వేటినగరంలో ఎవరి కాగితానికైనా సాక్షి ఆయనే.

చదివి ఎగిరిపడ్డాడు. "ఏంది వొదినా, సుక్రారం పూట! నీ సావుకు నేను సాచ్చినా? పెండ్లాం బిడ్డలు గలోణ్ణి!"

"సచ్చేది నేను గదప్పా, నీకేం నొప్పి?"

"అన్న పొయినాక నీకు మతి సెడింది" అంటూ, ఆమె వీధి మలుపు తిరక్కముందే తిరుపతిలో ఉన్న గిరికి ఫోను చేయడానికి పరుగెత్తాడు.

పక్కింటి మునెమ్మ వేలిముద్రైనా వేస్తుందనుకుంటే, ఆ తల్లి బొటనవేలు కొంగులో దాచేసుకుంది.

ఎండన పడి తిరిగిన దేవకమ్మ ఇంటికి వచ్చి, అట్టలో మిగిలిన ఆఖరి బీపీ మాత్ర మింగి, కాగితం రొమ్ము మీద పెట్టుకుని కునుకు తీసింది.

గిరి జీపు కట్టించుకుని వచ్చి చూసింది అదీ: కళ్లు మూసుకున్న తల్లి, ఖాళీ మాత్రల అట్ట, రొమ్ము మీద కాగితం. లబోదిబోమన్నాడు.

ఆ గోలకు దేవకమ్మ లేచి కూర్చుంది. "ఏమిరా, అన్నం తిన్నావా?"

"మింగినోళ్లంతా ఇట్లే మాట్లాడతారు! ముందు ఎత్తురా!" అన్నాడు గిరి వెనకాలే వచ్చిన శాంతయ్య.

"ఒగటే మింగినాన్రా! బీపీదిరా!" అని దారి పొడవునా మొత్తుకుంది. వింటే కదా!

ఆస్పత్రిలో కడుపు కడగాలన్నారు. ముక్కులో గొట్టం దింపారు. పీక్కుంటోందని చేతులు మంచానికి కట్టేశారు. కొడుకు సంతకం కావాలంటే గిరి పెట్టాడు. సాక్షులు కావాలంటే శాంతయ్య మూడు కాగితాల మీద బరబరా గీకేశాడు. జీపులో వెంట వచ్చిన మునెమ్మ అడక్కముందే బొటనవేలు చాపింది.

గొట్టంలోంచి వచ్చింది పొద్దున తాగిన రాగి అంబలి.

డాక్టరు తెల్లమొహం వేసి, గొట్టం తీయించి, కట్లు విప్పించి, గిరి చేతిలోని దేవకమ్మ కాగితం తీసుకుని చదివాడు. "బాగానే రాసినారే! ఇంతమంది సాక్షులుండి దీనిమీద ఒక్క సంతకమూ లేదేం?"

గిరి తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "సంతకం పెట్టకుంటే నేనే సంపినట్టని పెట్టినానమ్మా. గొట్టం దించేటప్పుడు నువ్వు సూసిన సూపు... అచ్చం నాయన సూపే. నాకింక నిద్ర పట్టదు."

దేవకమ్మకు ఏడుపు కూడా రాలేదు. ఏ చూపు నుంచి వాణ్ణి కాపాడాలనుకుందో, ఆ చూపు తనే చూసింది.

కమిలిన చేత్తో కాగితం మరిది వైపు చాచింది. "ఇప్పుడన్నా పెట్టప్పా."

మునెమ్మ బొటనవేలు మళ్లీ కొంగులోకి పోయింది. శాంతయ్య పెన్ను తీసి రెండుసార్లు విదిలించాడు. ఉన్న సిరా అంతా ఆస్పత్రి కాగితాలకే అయిపోయింది.