ఆపేసి చూద్దాం, ఎవరరుస్తారో!

ఏదైనా ఎందుకుందో తెలియకపోతే వెంటనే ఆపేయండి! ఎవరైనా అరిస్తే అది కావాల్సిందే. ఎవరూ అరవకపోతే అక్కర్లేనిదే. ఈ చిన్న సంగతి తెలియక మానవజాతి ఇన్నాళ్లూ చదువులనీ, పరిశోధనలనీ, తెలిసినవాళ్లను అడగడాలనీ అనవసరంగా ఆయాసపడింది.

నవ్వకండి. ఎంత సులువో ఆలోచించండి! మా మెట్ల కింద ఒక స్విచ్ ఉంది. అది దేనిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. మొన్న నొక్కాను. పై వాటాలో ఒళ్లంతా సబ్బు రాసుకున్న పెద్దాయన 'నీళ్లో, నీళ్లు!' అని కేక పెట్టారు. మోటారుదని తేలిపోయింది! ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఉంటే వారం తిప్పించుకునేవాడు కాదూ?

రేపు డాక్టర్లు ఈ దారి పట్టారంటే ఇక స్కానింగులెందుకు? ఒక్కో అవయవాన్నీ కాసేపు ఆపి చూస్తే సరిపోదూ? విమానంలో పైలట్ ముందు అన్నేసి మీటలున్నాయే, అన్నీ అవసరమేనంటారా? ఒక్కోటీ ఆపుకుంటూ పోతే ప్రయాణికులే చెబుతారు. అదీ ముక్తకంఠంతో!

ఈ జ్ఞానం నాకు మా అక్క ఆఫీసు ప్రసాదించింది. షాపులవాళ్లకీ, డాక్టర్లకీ వెబ్‌సైట్లు పెట్టి, అవి ఆగకుండా చూసుకునే చిన్న కంపెనీ అది. అక్కడ కంప్యూటర్ల బాగోగులన్నీ అక్కవే. ప్రింటర్ మొరాయించినా, బాస్ మెయిల్ తెరుచుకోకపోయినా, ఆఖరికి కాఫీ మిషన్ అలిగినా పిలుపు అక్కకే. ఫోను మోగడం ఆలస్యం, ఎత్తేస్తుంది.

ఆ ఆఫీసు వెనక గదిలో ఒక పాత నేమ్ సర్వర్ ఉండేది. నేమ్ సర్వర్ అంటే కంగారు పడకండి. మనం ఒక వెబ్‌సైట్ పేరు కొడితే, ఆ సైటు ఏ మిషన్లో కాపురముందో అడ్రసు చెప్పే పెద్దమనిషి, అంతే. దాన్ని పెట్టినాయన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. లోపలికెళ్లి చూసే దారి లేదు. ఏం కావాలన్నా బయట నిలబడి అడగాల్సిందే.

అడిగితే చెబుతుందా? చెబుతుంది గానీ, అది అచ్చం మా పెదనాన్న. "ఫలానా పేరు నీ దగ్గరుందా?" అంటే "ఉంది, ఇదిగో అడ్రసు" అని ఠక్కున చెబుతుంది. "అసలు నీ దగ్గర ఏమేం పేర్లున్నాయి?" అంటే మాత్రం కుదరదంటుంది. మా పెదనాన్న కూడా అంతే. మందు వేసుకున్నారా అంటే వేసుకున్నానంటాడు. ఏయే జబ్బులకు వాడుతున్నారని అడగండి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు.

ఇలా గుట్టుగా కాపురం సాగిపోతుండగా కొత్త మేనేజరు దిగాడు. వచ్చీరాగానే ఆఫీసులో దుబారా అంతా ఊడ్చేస్తానన్నాడు. ప్రతి మాటకీ ముందొకటీ వెనకొకటీ ఆప్టిమైజేషన్ తగిలిస్తాడు కాబట్టి స్టాఫంతా ఆయన్ను ఆప్టిమైజేషన్ గారు అనే పిలుచుకుంటున్నారు, వెనకాలే లెండి. ఆయన కన్ను నేరుగా వెళ్లి వెనక గదిలో గురగురలాడుతున్న పాత మిషన్ మీద పడింది.

"ఇందులో ఎవరెవరి సైట్లున్నాయమ్మా?" అన్నాడు.

"పూర్తిగా తెలీదు సార్."

"తెలీకుండానే ఇన్నేళ్లూ నడిపారా?"

"బాగా నడుస్తోంది కదా సార్. అందుకే ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు" అంది అక్క.

అక్క ఊరికే కూర్చునే రకం కాదు. ఏ నేమ్ సర్వర్ మీద ఏ పేర్లున్నాయో వెతికిపెట్టే సైట్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి. అన్నింటినీ గాలించింది. వాటి కంటపడ్డ పేర్లు అవి చెప్పాయి. కంటపడని పేర్ల సంగతి? ఒక సైటేమో ఎప్పుడో మూతపడ్డ చెప్పుల దుకాణం పేరు చెప్పింది గానీ, ఎదురుగా నడుస్తున్న పళ్ల ఆసుపత్రి పేరే ఎత్తలేదు.

"కొన్ని రోజులు టైమివ్వండి సార్. ఈ సర్వర్‌ని ఎవరు ఏ పేరు అడుగుతున్నారో పక్కనే ఉండి వింటాను. అడిగిన పేర్లన్నీ కొత్త సర్వర్లో చేర్చాక దీన్ని నిమ్మళంగా ఆపుదాం" అంది.

"అంత ఓపిక ఎవరికుందమ్మా? రేపు పొద్దున ఆపేయండి. కావాల్సినవాళ్లే అరుస్తారు" అన్నాడాయన. గుమ్మం దాటుతూ, "ఏ సైటు పోయినా బాధ్యత మాత్రం మీదే" అని కూడా అన్నాడు. ఎంత స్పష్టమైన పనివిభజన!

పొద్దున్నే ఆపేశారు. ఒక్క అరుపూ లేదు! ఆప్టిమైజేషన్ గారు గాల్లో తేలిపోయాడు. స్టాఫందరికీ టీ తెప్పించాడు. ఇన్నేళ్లుగా ఎవరికీ పనికిరాని మిషన్‌కి కరెంటు పోశామని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "సార్, దారిలో ఉండే మిగతా సర్వర్లు పాత జవాబుల్ని కాసేపు గుర్తుపెట్టుకుంటాయి. అవి మర్చిపోయాక మొదలవుతుంది" అంది అక్క. నెగటివ్‌గా ఆలోచించొద్దన్నాడు.

భోజనాలయ్యాయి. మిగతా సర్వర్లు మర్చిపోవడం మొదలుపెట్టాయి.

ముందు పళ్ల డాక్టరు అరిచాడు. అపాయింట్‌మెంట్లు ఆగిపోయాయి, వరండా నిండా బుగ్గలు పట్టుకున్న జనమట. తర్వాత డ్రైవింగ్ స్కూలు. తర్వాత పెళ్లి ఫొటోగ్రాఫర్, ఆయన వెనకే పెళ్లికూతురి తల్లి. శవపేటికల షాపాయన ఒక్కడే మర్యాదగా, "తొందరేం లేదమ్మా, మా కస్టమర్లు ఆగుతారు" అన్నాడు. అందరికంటే గట్టిగా అరిచింది ఒక చదరంగం క్లబ్ ప్రెసిడెంటు. విచారిస్తే ఆయన ఆప్టిమైజేషన్ గారి మామగారు!

పాత మిషన్‌ని మళ్లీ ఆన్ చేస్తే పోదా అంటారా? ఏళ్ల తరబడి పడుకోని మనిషికి ఒక్కసారి కునుకు దొరికితే లేస్తాడా? అదీ లేవలేదు. అరిచినవాళ్లను అరిచినట్టే ఓదారుస్తూ, వివరాలడుగుతూ, ఒక్కో పేరూ కొత్త సర్వర్లో చేర్చుకుంటూ అక్క కుర్చీలోంచి కదలకుండా అన్నిటినీ నిలబెట్టింది. ఆప్టిమైజేషన్ గారు పైవాళ్ల ముందు స్లైడ్లు వేసి, సర్వర్లో ఉన్న పేర్లన్నీ ఒక్కరోజులో తానే కనిపెట్టానని చెప్పుకున్నాడు. చప్పట్లు కొట్టారట.

చప్పట్ల రుచి మరిగినవాడు ఊరుకుంటాడా? ఈసారి ఆయన కన్ను అక్క మీద పడింది. "ఈవిడ దగ్గర ఏమేం పనులున్నాయి?" అని స్టాఫంతటినీ అడిగాడు. ప్రింటర్ అన్నారొకరు. కాఫీ మిషన్ అన్నారింకొకరు. అంతా కలిపి చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అక్కనే అడిగితే, "ఎవరేది అడిగితే అది చేస్తాను సార్" అంది. ఇంకేం కావాలి?

"ఓ నెల ఇంట్లో ఉండండమ్మా. ఎవరైనా అరిస్తే మీ ఉద్యోగం మీదే. లేకపోతే ఆ పోస్టు తీసేద్దాం" అన్నాడు.

అప్పటినుంచి అక్క ఇంట్లోనే ఉంది. నిన్న వాళ్లింటికి వెళ్లాను. బావ కూరలు తరుగుతున్న టేబుల్ మీదే ల్యాప్‌టాప్ తెరిచి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, డ్రైవింగ్ స్కూలువాళ్ల మెయిల్ బాగుచేస్తోంది. అది పెట్టేయగానే పళ్ల డాక్టరు. తర్వాత ఆఫీసు అకౌంటెంట్. అందరి దగ్గరా ఉన్నది అక్క నెంబరే. అందరూ ఇక్కడికే చేస్తున్నారు. ఈవిడ అందరికీ చేసిపెడుతోంది. అంతలో ఆప్టిమైజేషన్ గారి మెసేజ్ వచ్చింది: 'ఇంతవరకు ఒక్క అరుపూ లేదు. పోస్టు విషయం నెలాఖరుకి తేల్చేద్దాం.'

నాకు ఒళ్లు మండిపోయింది. "వాళ్లు నోరు తెరిచేలోపే నువ్వు బాగుచేసేస్తుంటే ఇంకెవరు అరుస్తారక్కా?" అన్నాను.

"పంటినొప్పితో వచ్చినవాళ్లు కూర్చుని ఉంటార్రా, పాపం" అంది. ఆ మెసేజ్ వంకే చూస్తూ, "నేనేం చేస్తానో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేకపోయార్రా" అంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ కత్తి పక్కన పెట్టేశాడు.

మళ్లీ ఫోను మోగింది. అలవాటుగా చెయ్యి చాచిన మనిషి, ఆగి, దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే ఎత్తేస్తాను. నువ్వే ఉంచుకో" అంది.

ఇప్పుడు నేనిది రాస్తుంటే అది నా పక్కనే మోగుతోంది. పళ్ల డాక్టరయ్యాడు, ఫొటోగ్రాఫరయ్యాడు, చదరంగం మామగారు రెండుసార్లు అయ్యాడు. ఇదిగో, ఇప్పుడు సాక్షాత్తూ ఆప్టిమైజేషన్ గారే! ఎత్తుతాననుకున్నారా? ఆపేసి చూడడం అంత గొప్ప పద్ధతని ఇంతసేపు వాదించినవాణ్ని, నేనెలా ఎత్తుతానండీ?

అయ్యలారా, అమ్మలారా! ఏ పని ఆగిపోయినా ఇక ఈ నెంబరుకి చేయకండి. మేనేజరు గది ముందు నిలబడి అరవండి. ఆయన తలుపు మందం, కాస్త గట్టిగా!