చిల్లుల మౌస్

వంటింటి కాటా మీద మౌస్ పెట్టి తూస్తున్న మొగుణ్ణి చూసి ఇల్లాలు గరిట ఆపింది.

"వేపుడా, పులుసా?"

"పాతది ఇటుకలా ఉంది. నీకోసం చిన్నది, తేలికైనది తెప్పిద్దామని."

"నేనెప్పుడడిగానండీ?"

"అడిగితేనే తేవాలా?"

కంప్యూటర్లో స్థలాల పటాలు గీయడం ఆయన పని. వీధికంతా గీతలాయన. ఇరవై ఏళ్లు మౌస్ పట్టిన కుడి మణికట్టు ఈమధ్య మొరాయిస్తోంది. ఆరు వారాలు మౌస్ ముట్టొద్దని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ముట్టకపోతే ఆఫీసు పని ఇంకొకరి పాలవుతుంది, మళ్లీ రాదు. కంప్యూటర్లో ఆటలాడేవాళ్ల మౌస్ దూదిపింజలా ఉంటుందని విన్నాడు. నొప్పి సంగతి బయటపడితే ఇల్లాలు కంప్యూటరుకే తాళం వేస్తుంది. అందుకే నెపం ఆమె మీద పెట్టాడు.

నమ్మకం కుదరాలని స్కేలుతో ఆమె అరచెయ్యి కూడా కొలిచాడు.

"పెళ్లిలో పట్టుకున్నారు ఈ చెయ్యి. మళ్లీ ఇవాళ, కొలతలకి."

"బరువులు రాసుకొచ్చాను. ఏది తేలికో చదువు," అని కాగితం అందించాడు. కాగితానికి రెండోవైపు ఖాళీగా వదలడం ఆయన వంశంలో లేదు.

ఆమె చదివింది. తిప్పి చూసింది. మడిచి కొంగున ముడేసుకుంది.

"అన్నిటికంటే చిన్నది. నా చేతి కొలతకి సరిపోయేదే తెప్పించండి."

వచ్చింది.

"ఒళ్లంతా చిల్లులేమిటండీ, చెదలు పట్టిందా?"

"బరువు తగ్గడానికి."

"నన్ను మాత్రం ఇలా తగ్గించకండి."

రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తుందిలే అనుకున్నాడు. ఆయన కునుకు తీసినప్పుడల్లా ఆమె కంప్యూటరు ముందే ఉంది. వారం తిరిగేసరికి కుర్చీ కూడా ఆమెదే అయింది.

"లెగు, ఆ పటం ఇవాళ పంపాలి."

"పంపేశాను. మీ గీత వణికి పక్కవాళ్ల బావిని మన స్థలంలోకి లాగేసింది. బయటపెట్టాను."

ఇరవై ఏళ్లు ఆయన వీపు వెనక నిలబడి ఆ గీతలు చూసిన మనిషి. ఆయన కుడిచేతిలోంచి గాజు గ్లాసు జారి పడింది.

ఆమె చీటీ తీసి బల్ల మీద పెట్టింది, డాక్టరు రాసిన వైపు పైకి ఉండేలా.

"ఆరు వారాలు మీరు చెప్పండి, నేను గీస్తాను."

"అప్పటికీ చెయ్యి రాకపోతే?"

ఆమె వంగి గాజుముక్కలన్నీ ఏరింది.

"అప్పుడూ చెప్పండి. నోటికేం రోగం లేదుగా."

ఆమె వంటింట్లోకి వెళ్లాక ఒక్కసారి ఆ మౌస్ పట్టి చూశాడు. దూదిపింజే. కానీ అరచేతిలో ఇమడలేదు.

కొలత తీసింది తనే మరి.