చేపల్లేని తొట్టిలో చప్పుడు

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల వేళకు హాల్లో సముద్రం ఉండాలి. అంతే.

సముద్రమంటే ఉప్పునీళ్ళ చేపల తొట్టి, పెట్టేది భర్త. ఇళ్ళకు ప్లాన్లు గీయడం అతని వృత్తి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఏ గది ఎక్కడుండాలో నిర్ణయించే ఆ మనిషికి సొంత ఇంట్లో కుర్చీ జరపాలన్నా ఇద్దరు ఆడవాళ్ళ అనుమతి కావాలి. తల్లి తేలిగ్గానే ఒప్పుకుంది. భార్య దగ్గరే వ్యవహారం నెలల తరబడి నలిగింది.

ఆవిడ చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. బయటి చప్పుడు చొరబడని గాజుగదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, చెవులకు ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు పంపి, వినపడితే వేలెత్తమంటుంది. ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. "పాముచెవుల మేడమ్" అంటే చాలు, దారి చూపిస్తారు. పక్కగదిలో సూది కిందపడితే అది ఏ సైజు సూదో చెప్పగలదని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ పేరంటే ఆవిడకు లోపల్లోపల గర్వమే. వచ్చే నెల నుంచి పరీక్షల విభాగం మొత్తానికీ ఆవిడే పెద్ద కాబోతోంది.

"రోజంతా కూతలతోనే సరిపోతుంది. ఇంట్లో నాకు నిశ్శబ్దం కావాలి," అని షరతు పెట్టింది. "మోటారు గుర్రుమన్నా, నీళ్ళు గలగలమన్నా, మర్నాటికల్లా తొట్టి వీధిలో ఉంటుంది. తర్వాత బతిమాలొద్దు."

"చీమ చిటుక్కుమంటే అడుగు," అన్నాడు భర్త.

తొట్టికి చోటు కోసం మామగారి ఊగుడు కుర్చీని బాల్కనీలోకి జరిపారు. ఆయన పోయి ఏడాది దాటింది. అత్తగారు కుర్చీ వెంట బాల్కనీ దాకా నడిచి, దాని చేతిమీద దుమ్ము కొంగుతో తుడిచి, తిరిగి వచ్చారు.

డ్రమ్ములో ఉప్పు కలిపి, గాజుగొట్టంతో కొలిచి, మళ్ళీ కలిపి, భర్త మోచేతుల దాకా తెల్లగా తేలాడు. అప్పుడు సముద్రపు చేపల దుకాణం నడిపే ఉప్పునీళ్ళాయన తడి కాగితాల్లో చుట్టిన రాళ్ళు పట్టుకొచ్చాడు. నిండా బొరియలతో, నీచువాసనతో ఉన్నాయవి.

"ఇవి బతికున్న రాళ్ళు మేడమ్," అన్నాడు.

"రాళ్ళు బతికుండటమేంటండీ?"

"కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. నీళ్ళని బాగుచేసేవి అవే. నీళ్ళు కుదురుకునే దాకా చేపలు వెయ్యకూడదు. నెల పైనే పడుతుంది."

"అప్పటిదాకా ఇందులో ఏమీ ఉండదా?"

"ఏమీ ఉండదు."

అలా హాల్లో సముద్రం వెలిసింది. నీలం దీపం, కదలీ కదలని నీళ్ళు, బొరియల రాళ్ళు. ఒక్క ప్రాణి లేదు. అయినా దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా, మనం దాన్ని చూస్తున్నట్టు కాక అదే మనల్ని చూస్తున్నట్టుండేది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతోంది. హాల్లోంచి టక్, టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. ఎవరో అద్దం మీద గోటితో కొట్టినట్టుంది.

"ఎవరది?" అంటూ వచ్చి చూసింది. వీధి తలుపు గడియ వేసే ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. తొట్టి ముందు భర్త ఒక్కడే వీపు తిప్పి నిలబడి ఉన్నాడు.

"విన్నారా?"

"ఏంటి?" అంటూ గుప్పిట జేబులో పెట్టుకున్నాడు.

"టక్ టక్‌మని ఎవరో కొట్టారు."

"నాకేం వినపళ్ళేదే!"

ఆ క్షణంలో ఆవిడ అతని చెవుల సంగతి మాని చేతుల సంగతి చూసి ఉంటే, కథ ఇక్కడితో అయిపోయేది. ఎవరి వృత్తి వాళ్ళని చెడగొడుతుంది. ఆవిడ వెంటనే అత్తగారి గదికి వెళ్ళింది.

"అత్తయ్యా, మీకేమైనా చప్పుడు వినపడిందా?"

అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. కళ్ళు మెరుస్తున్నాయి. "నాకా? నాకేం వినపడుతుందమ్మాయ్, ముసలి చెవులు."

ఆ ముసలి చెవులకు వంటింట్లో బిస్కెట్ల డబ్బా మూత తీస్తే బాల్కనీలో వినపడుతుంది. అయినా పెద్దావిడ అంత ప్రశాంతంగా చెప్పాక కోడలు నమ్మక తప్పలేదు.

ఆ రోజు నుంచి తెల్లవారేటప్పుడు ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి టక్ టక్ వచ్చేది. ఎప్పుడూ రెండే. ఆవిడ కుళాయిలన్నీ బిగించింది. కిటికీ బందులకు నూనె వేసింది. గోడలకు చెవి ఆనించి వింది. గోడలకు చెవులుంటాయంటారు కానీ నోరుండదు కదా, అవేమీ చెప్పలేదు. తొట్టి వంక మాత్రం చూడలేదు. ఏమీ లేని తొట్టిని అనుమానించేంత మతి తనకింకా పోలేదని ఆవిడ ధీమా.

చివరికి ఆసుపత్రి నుంచి చేతిపెట్టెలో పట్టే పరీక్ష మిషను ఇంటికి తెచ్చి ఇద్దరికీ పరీక్ష పెట్టింది. భర్త చెవులకు ఫోన్లు తగిలించుకుని ఉరితాడు తగిలించుకున్నవాడిలా కూర్చున్నాడు. అతనివి పసిపిల్లల చెవులని తేలింది. అత్తగారి పరీక్ష ఇంకా విచిత్రం. మిషను పంపగలిగిన అతి సన్నని కూతకు కూడా పెద్దావిడ వేలు లేచింది.

"మీ చెవులకేమీ కాలేదత్తయ్యా!"

"అలాగా? మిషను మంచిదమ్మా," అన్నారు అత్తగారు.

ఎవరైనా మామూలు మనిషి అయితే, ఇంత మంచి చెవులుండి వినపడలేదంటున్నారంటే వీళ్ళు అబద్ధమాడుతున్నారు అనుకునేది. ఆవిడ అలా అనుకోలేదు. ఆవిడ లెక్కలో మిషను అబద్ధమాడదు, ఇంట్లోవాళ్ళు అబద్ధమాడరు. ఇక మిగిలింది తనొక్కతే. లేనిది వినపడుతోందనే వాళ్ళు ఆసుపత్రికి వారానికొకరైనా వస్తారు. "ఎవరో పిలుస్తున్నారండీ," అని నెమ్మదిగా, సిగ్గుపడుతూ చెబుతారు. "ఎవరూ లేరండీ, అది మీ చెవిలోదే," అని ఆవిడ వాళ్ళని ఓదార్చి పంపేది. ఇప్పుడు అదే మాట తనకు తను చెప్పుకోబోతే ఓదార్పుగా లేదు. ఆవిడకు నిజంగా భయం వేసింది.

ఇంట్లో వాలకం కూడా మారింది. ఒకరోజు పనినుంచి వచ్చేసరికి ఊగుడు కుర్చీ మళ్ళీ హాల్లో, తొట్టి ఎదురుగా ఉంది. అందులో ఎవరూ లేరు. పక్కన స్టూలు మీద అత్తగారు కూర్చుని, నీలం వెలుగులో పెదవులు కదుపుతున్నారు.

"కాస్త నెమ్మదండీ," అంటున్నారు. "కోడలు వచ్చే వేళయింది."

కోడలి చేతిలో సంచీ జారిపోయింది. "ఎవరితో మాట్లాడుతున్నారత్తయ్యా?"

"నాలో నేనే అనుకుంటున్నానమ్మాయ్."

భర్త ఇంకో తీరు. ఎప్పుడు చూసినా టార్చి పట్టుకుని రాళ్ళ బొరియల్లోకి తొంగిచూస్తూ ఉంటాడు. అడుగుల చప్పుడైతే తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనడు. తల్లీకొడుకులు ఏదో గుసగుసలాడుకోవడం, తను రాగానే ఆపేయడం కూడా జరిగింది. వీళ్ళకు నా సంగతి తెలిసిపోయింది, నాకు చెప్పలేక సతమతమవుతున్నారు అనుకుందావిడ. ఆ జాలికి ఇంకా కుంగిపోయింది.

పనిలోనూ తడబాటు మొదలైంది. పంపిన కూతే మళ్ళీ పంపడం, పేషెంటు వేలెత్తినా నమ్మకపోవడం, ఒక్కొక్కరికీ రెండేసి సార్లు పరీక్ష. బయట జనం బారులు తీరారు. పెద్ద డాక్టరు పిలిపించారు. ఎదుటి మనిషి ముఖం మీదినుంచి చూపు తిప్పకుండా వింటారాయన. పేషెంటు మాట అంత శ్రద్ధగా వినే డాక్టరు ఎక్కడా లేడని పేరు.

ఆవిడ ఆయన ముందు ఉన్నదంతా చెప్పేసింది. "ఆ విభాగం బాధ్యత నాకొద్దు సార్. నా చెవుల్ని నేనే నమ్మలేకపోతున్నాను. ఇంకొకళ్ళ చెవుల సంగతి ఎలా తేలుస్తాను?" అంటూ ఏడ్చేసింది.

పెద్ద డాక్టరు క్యాలెండరు వంక చూశారు. "తొందరపడకమ్మా. శనివారం సాయంత్రం నేనే మీ ఇంటికొస్తా. నాక్కూడా వినపడకపోతే, అప్పుడు చూద్దాం."

ఈ మాట ఇంట్లో చెప్పగానే భర్త ముఖం పాలిపోయింది. అత్తగారు మామగారి కళ్ళజోడు తెచ్చి, తుడిచి, ఊగుడు కుర్చీలో పెట్టారు.

శనివారం దీపాలు పెట్టే వేళకు డాక్టరు వచ్చారు. ఎదురుగా కుర్చీ కనపడితే కళ్ళజోడు తీసి పక్కనపెట్టి కూర్చోబోయారు.

"అందులో కూర్చోకండి!" అని అత్తగారు అరిచిన అరుపుకు కోడలి గుండె జారింది. డాక్టరు మాత్రం తాపీగా వంగుతూనే ఉన్నారు. అత్తగారు వచ్చి రెక్క పట్టుకుంటే గానీ ఆగలేదు. "అది... విరిగిపోయిందండీ," అన్నారావిడ సర్దుకుని.

డాక్టరు తొట్టికి వీపు పెట్టి సోఫాలో కూర్చున్నారు. హాల్లో దీపం ఆర్పించి, ఎవరూ మాట్లాడవద్దని చెయ్యెత్తారు. నీలం వెలుగులో నలుగురి ముఖాలూ నీళ్ళలో మునిగినట్టున్నాయి. ఖాళీ కుర్చీలో కళ్ళజోడు అద్దాలు మెరుస్తున్నాయి.

టక్. టక్.

భర్తకు ఒక్కసారిగా దగ్గు ముంచుకొచ్చింది. అత్తగారు కళ్ళు మూసుకున్నారు. కోడలు డాక్టరు వంక చూసింది. ఆయన ముఖంలో చిన్న ముడత కూడా కదలలేదు.

"ఇప్పుడు వినపడిందా సార్?"

"లేదమ్మా," అన్నారాయన, ఆవిడ పెదవుల వంకే చూస్తూ. "నాకేమీ వినపడలేదు."

"నాకూ వినపడలేదు," అన్నాడు భర్త, దగ్గు మధ్యలో.

"నాకూ అంతే," అన్నారు అత్తగారు.

అయిపోయింది. ఇన్నేళ్ళ పనీ, రాబోయే పదవీ, పాముచెవులన్న పేరూ అన్నీ ఆ మూడు మాటలతో నీళ్ళలో కలిసిపోయాయనిపించింది. ఆవిడ తలవంచుకుంది. డాక్టరు దయగా మొదలుపెట్టారు. "బాధపడకమ్మా. కొన్నాళ్ళు సెలవు తీసుకో. మనసు ప్రశాంతంగా ఉంచుకో..."

అప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడైంది.

తొట్టి అద్దం మూలనుంచి మూలకు పగిలింది. నీళ్ళు గోడ కూలినట్టు కింద పడ్డాయి. భర్త ఎగిరి బల్ల ఎక్కాడు. అత్తగారు రెండు చేతులూ చాచి, "మళ్ళీ నన్నొదిలేసి పోతున్నారా!" అని గొల్లుమన్నారు.

"అమ్మా, అది నాన్న కాదు! రొయ్య!" అని బల్ల మీదనుంచి కొడుకు కేక పెట్టాడు.

"...పొద్దున్నే కాస్త నడక అలవాటు చేసుకో," అంటున్నారు డాక్టరు. "ఉప్పు తగ్గించు." ఉప్పునీళ్ళు మేజోళ్ళను తడిపాక ఆయన మాట ఆపి, ముందు ఇంటికప్పు వంక, తర్వాత కాళ్ళ వంక చూసుకున్నారు.

ఇల్లంతా నీళ్ళమయమవుతుంటే ఆవిడ తొట్టి వంక చూడలేదు. అంత చప్పుడుకీ తిరగని డాక్టరు తల వంకే చూస్తోంది. అన్నేళ్ళుగా గాజుగదిలో ఎన్ని తలల్ని చూసిందో, ఈ తల గురించి తెలుసుకోవడానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

తర్వాత ఇంట్లో నిజాలు కూడా నీళ్ళలాగే ఆగకుండా బయటికొచ్చాయి. రాతితోపాటు దాని బొరియలో గుద్దుడు రొయ్య ఒకటి వచ్చిందట. ముందు కాళ్ళతో గుద్ది, రాళ్ళకంటుకుని వచ్చిన నత్తల గుల్లల్ని పగలగొట్టుకు తింటోందట. మొదటిరోజే ముక్కలు దొరికితే భర్త జేబులో దాచాడు. "ఒక్కోసారి అద్దం కూడా గుద్దుతుంది, త్వరగా పట్టుకోండి," అని ఉప్పునీళ్ళాయన చెప్పాడు కూడా.

"నా చెవులు పోయాయనుకుని చచ్చిపోతున్నానండీ నేను! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"చప్పుడైతే తొట్టి వీధిలో ఉంటుందన్నావుగా," అన్నాడు భర్త. ఆ నీళ్ళు అప్పటికే గుమ్మం దాటి వీధిలోకి పోతున్నాయి.

తొట్టి అడుగున మిగిలిన నీళ్ళలో, రాతిమీద అది నిలబడి ఉంది. వేలెడంత లేదు. కాడల మీద కళ్ళు వేర్వేరుగా తిరుగుతున్నాయి. ఒకటి భర్తను చూస్తుంటే, రెండోది అత్తగారిని చూస్తోంది. అత్తగారు వంగి దాని వంకే చూశారు.

"ఆయన అలాగే రెండుసార్లు బల్లమీద కొట్టి పిలిచేవారమ్మాయ్," అన్నారు. "నీకు చెబితే ఏ మంత్రగాణ్ణో పిలిచి ఆయన్ని పంపించేస్తావనుకున్నా. ఇన్నాళ్ళకి వచ్చిన మనిషిని మళ్ళీ పోగొట్టుకోలేక అబద్ధమాడాను. తప్పే."

కోడలి కోపం ఎటు పోయిందో పోయింది. తడిబట్టలతోనే అత్తగారిని దగ్గరకు తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

కాసేపటికి అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "కానీ, అవునైతే కొట్టండి, కాకపోతే ఊరుకోండి అని అడిగేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదే!"

భర్త రొయ్యను గిన్నెతో ముంచి, మిగిలిన ఉప్పునీళ్ళ డ్రమ్ములో వేసి, మూత పెట్టి, మూతమీద బరువుపెట్టాడు.

ఆవిడ డాక్టరును గుమ్మం దాకా సాగనంపింది. ఆయన ఎదుటికి వచ్చి, తన ముఖం వెలుగులో ఉండేలా నిలబడి నెమ్మదిగా అడిగింది. "ఎన్నాళ్ళనుంచి సార్?"

ఆయన తడిసిన మేజోళ్ళ వంక చూసుకున్నారు. "చాలా రోజులైందమ్మా. పెదవులు చూసి నెట్టుకొస్తున్నా. చెవుల డాక్టరు ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు?"

"నాతో చెప్పుకోండి. సోమవారం పొద్దున్నే నా గదికి రండి. విభాగం పెద్దగా నా మొదటి పరీక్ష మీకే."

ఆయన బుద్ధిగా తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆవిడ తలుపు వేసి, చీపురందుకుని, ఒక్కొక్కరూ ఆడిన అబద్ధాన్ని పళ్ళు నూరుతూ తలుచుకుంటూ నీళ్ళు తోయసాగింది. అందరినీ తలుచుకున్నాక తేలిందేమిటంటే, ఆ ఇంట్లో తనకేమీ వినపడలేదని నిజం చెప్పింది ఆ పెద్దమనిషి ఒక్కరే.